తలుపు పక్క వరస

మా ఊరి మందిరం లోపలి వెడల్పు పద్దెనిమిది అడుగులు. గుమ్మానికీ, జనం కూర్చునే చివరి చాపకూ మధ్య దూరం పదకొండు అడుగులు. ఈ రెండు అంకెలూ ఆ నెలంతా నా నెత్తి మీద కూర్చున్నాయి. కరీంనగర్‌లో నా స్టూడియోలో పెళ్ళి ఆల్బం సర్దుతున్నా, హుజూరాబాద్‌లో ఎవరింటి తొట్టెల ఫంక్షన్‌కో కెమెరా పట్టుకొని తిరుగుతున్నా లోపల ఒకటే గొడవ. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా కూర్చున్న డెబ్భై మందిని, పదకొండు అడుగుల దూరం నుంచి, ఒక్కరూ తెగిపోకుండా ఒకే ఫిల్ము మీదికి ఎక్కించాలి. ఒక్కరు తెగినా నాకు ఆ ఊళ్ళో ముఖం లేదు. ఎందుకంటే ఇంతకు ముందు ఒకసారి మనుషులను తెగ్గొట్టిన వాణ్ణి నేనే.

ఊరు గోదావరికి అవతల, ధర్మపురి దాటి వంతెన దిగాక ఆదిలాబాద్ వైపు. మా తాతల కాలంలో మెథడిస్టు మిషను వాళ్ళు కట్టించిన చిన్న రాతి మందిరం అది. బెంచీలు లేవు. ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు, నేల మీద చాపలు. ఎవరి జాగా వాళ్ళది. ఎక్కడా రాసిపెట్టింది లేదు గానీ, మూడు తరాలుగా ఫలానా ఇంటివాళ్ళు ఫలానా కిటికీ కింద అంటే అక్కడే. సిలువకు దగ్గరగా పెద్దమనుషులు, టీచర్లు, ఉద్యోగస్తులు. తలుపు పక్క వరసలో కూలికి పోయేవాళ్ళు, కోతల రోజుల్లో ఆలస్యంగా వచ్చేవాళ్ళు. దేవుడి ముందు అందరూ ఒకటే అని పాస్టరయ్య చెబుతుంటే మేం ఆ వరసల్లోనే కూర్చొని తలలూపేవాళ్ళం.

ఇరవై ఏళ్ళ కింద మందిరం పండుగకు గ్రూప్ ఫోటో తియ్యమన్నారు. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. మూతపడుతున్న ఒక పాత స్టూడియో నుంచి కట్టె కెమెరా ఒకటి తెచ్చుకున్నాను. నల్లగుడ్డ కప్పుకొని, వెనక గరుకు అద్దం మీద తలకిందులుగా పడే బొమ్మను చూసి తియ్యాలి. అరచేయంత ఫిల్ము షీటు, ఒక్కోసారి ఒక్కటే. దాన్ని చూసుకొని నాకు ఒళ్ళు తెలియలేదు. సిలువ కనబడాలి కదా అని గుమ్మంలో కెమెరా పెట్టి, అందరినీ తలుపు వైపు తిరిగి కూర్చోమన్నాను. తీరా గుడ్డ కింద దూరి చూస్తే తలుపు పక్క వరసలు రెండు చివర్లా సగం సగం బయటే ఉన్నాయి. ఉన్నది ఒక్క లెన్సు. వెనక్కి జరుగుదామంటే తలుపు చెక్కలు అడ్డం వస్తాయి. బుద్ధి ఉన్నవాడైతే నాలుగు ముక్కలుగా తీసేవాడు. నేను మాత్రం “తలుపు పక్కోళ్ళు జర లేసి బయట నిలవడుండ్రి, మీకు ఇంకోటి తీస్త” అన్నాను.

వాళ్ళు లేచారు. ఒక్కరూ ఏమీ అనలేదు, లెమ్మంటే లేవడం అలవాటున్న మనుషులు. ఫోటో అయింది. తర్వాత వెలుతురు పోయింది, ఫిల్ము అయిపోయింది, భోజనాలు వడ్డించారు. ఆ ‘ఇంకోటి’ నేను తియ్యనే లేదు.

అలా లేచి బయటికి పోయిన వాళ్ళలో వరసకు నాకు కాక, అంటే చిన్నాయన అయ్యే మనిషి, ఆయన భార్య చిన్నమ్మ ఉన్నారు. ఆరు నెలలకు కాక మస్కట్ పోయాడు. రెండేళ్ళకు పెట్టెలో వచ్చాడు. ఫ్రేము కట్టించడానికి పాస్‌పోర్టు ఫోటో తప్ప ఇంకేమీ లేదు. దాన్ని పెద్దది చేసింది నేనే. ఎంత జాగ్రత్తగా చేసినా కళ్ళూ ముక్కూ చుక్కలు చుక్కలుగా విడిపోయాయి. చిన్నమ్మ దాన్ని అందుకొని చూసి “మందిరంల దిగింది ఒకటుంటె మంచిగుండు” అన్నది. అంతే. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఆమె నాతో ‘ఎప్పుడొచ్చినవ్, ఎప్పుడు పోతవ్’ మించి మాట్లాడలేదు.

ఇప్పుడు ఆ మందిరం కూల్చాలన్నారు. గోడ పగుళ్ళిచ్చింది, కప్పు కురుస్తోంది. పక్కనే కొత్త హాలు లేచింది. పాత మందిరంలో అందరూ కూర్చున్న ఫోటో ఒకటి కొత్త దాని గోడకు పెద్దగా పెట్టాలని సంఘం పెద్ద ఫోన్ చేశాడు.

“ఫోన్ల తీస్తే అయిపాయె గద, ఇటుకెల్లి అటు తిప్పితె అందరు వస్తరు” అన్నాడు ఆయనే మళ్ళీ.

“తిప్పితె మీ తల రెండు తలలైతది. గోడంత ఫోటోల ఒక్కొక్కల కనుబొమ్మలు సుత కనవడాలె. నేను జూసుకుంట” అని పెట్టేశాను. నాకు కోపం తొందరగా వస్తుంది. చెప్పింది నిజమే, పెద్ద ఫిల్ము పని పెద్ద ఫిల్ముదే. కానీ అసలు సంగతి అది కాదు. ఏ కెమెరాతో వాళ్ళను లేపి బయటికి పంపానో, ఆ కెమెరాతోనే కూర్చోబెట్టి తియ్యాలని నా పట్టు.

లెన్సు మీద అంకె తగ్గేకొద్దీ చూపు వెడల్పవుతుంది. నా దగ్గరున్నది నూట యాభై. సికింద్రాబాద్‌లో పాత కెమెరాలు అమ్మే మనిషి దగ్గర మూడున్నాయి: తొంభై, డెబ్భై అయిదు, అరవై అయిదు. “ఏది కావాలె సార్” అంటాడు, టమాటలు అడిగినట్టు. వెడల్పే కావాలంటే అరవై అయిదు తీసుకుంటే అయిపాయె అనుకుంటారు ఎవరైనా. అక్కడే ఉంది మెలిక. లెన్సు వెనక పడే బొమ్మ గుండ్రంగా ఉంటుంది. ఆ గుండ్రంలో ఫిల్ము నాలుగు మూలలూ పట్టాలి. అరవై అయిదు వేసే గుండ్రం ఫిల్ముకు బొటాబొటి. లెన్సును కాస్త పైకో కిందికో జరిపితే చాలు, మూలలు నల్లబడతాయి.

నాకేమో జరపక తప్పదు. వెనకున్న ముఖాలు ముందువాళ్ళ తలల మీదుగా కనబడాలంటే కెమెరా ఎత్తులో ఉండాలి. ఎత్తు నుంచి కెమెరానే కిందికి వంచితే గోడలు పైకి విచ్చుకొని, తాగినవాడు కట్టినట్టు కనబడతాయి. కెమెరాను నిటారుగా ఉంచి లెన్సును మాత్రం కిందికి దించాలి. తొంభై అయితే ఎంతైనా దించుకోవచ్చు, చూపు చాలుతుందో లేదో తెలియదు. మూడు రాత్రులు నిద్ర లేదు. మా ఆవిడ “పెండ్లప్పుడు నన్ను జూసుటానికి గూడ ఇంత ఆలోచన చెయ్యలే” అన్నది.

చివరికి ఒక అట్ట తీసుకొని ఫిల్ము సైజులో కిటికీ కోశాను. దానికి దారం కట్టి మూడు ముడులు వేశాను, ఒక్కో లెన్సుకు ఒక్కో ముడి. ముడిని కంటి పక్కన ఆనించి, దారం బిగువుగా పట్టి, ఒంటికంటితో ఆ కిటికీలోంచి చూస్తే ఆ లెన్సు ఎంత చూస్తుందో అంతే కనబడుతుంది. అది పట్టుకొని ఒక బుధవారం ఊరికి పోయాను. ఖాళీ మందిరం గుమ్మంలో నిలబడి ఒక కన్ను మూసి చూస్తుంటే నన్ను కన్న మా అవ్వ వచ్చి “గదేం పిచ్చిర నీకు, గింత మందిరాన్ని గంత బొక్కలకెల్లి జూస్తున్నవ్” అని నవ్వింది.

తొంభై ముడి దగ్గర తలుపు పక్క వరసలో ఆ చివర ఒక మనిషి, ఈ చివర ఒక మనిషి పట్టడం లేదు. అందులో ఒకటి చిన్నమ్మ కూర్చునే చోటు. డెబ్భై అయిదు దగ్గర రెండు గోడలూ వచ్చాయి. వచ్చాయి అంటే వచ్చాయంతే, అటు జానెడు లేదు, ఇటు జానెడు లేదు. అవ్వ నవ్వుతూనే ఉంది, నాకు చెమటలు పట్టాయి. ఆ సాయంత్రమే సికింద్రాబాద్‌కు ఫోన్ చేసి డెబ్భై అయిదు పంపమన్నాను.

లెన్సు వచ్చాక భయం తగ్గుతుందనుకున్నాను. పెరిగింది. చూపు వెడల్పైన లెన్సు కెమెరాలో ఫిల్ముకు బాగా దగ్గరగా కూర్చుంటుంది. మధ్యలో ఉండే తోలు తిత్తి నలిగి ముద్దయి, లెన్సును జరగనివ్వదు. తీసిన మొదటి ఫోటోలో కింద ఏదో పలక కనబడితే ఏమిటా అని చూశాను. కెమెరా ముందు పలకే. తన కాళ్ళను తానే ఫోటో తీసుకుందది. గరుకు అద్దం మీద మధ్యలో మాత్రం వెలుగు, మూలలు చీకటి. తల పక్కకు జరిపితే వెలుగూ జరుగుతుంది. ఎక్కడ ఏముందో తెలుసుకోవాలంటే మూలమూలకూ భూతద్దం పెట్టి చూడాలి.

అన్నిటికంటే మనుషుల సంగతి. వంటింట్లో మా ఆవిడను తీశాను, ఇరుకు గదే కదా అని. గరిటె పట్టుకున్న చెయ్యి కెమెరాకు దగ్గరగా ఉండి గుమ్మడికాయంత వచ్చింది, ముఖం నిమ్మకాయంత. అంచున నిలబడ్డ మా తోడల్లుడి ముఖం పక్కకు సాగి రెండు ముఖాల వెడల్పయింది. “గీ లెన్సుతోని ఊరోళ్ళను తీస్తె నిన్ను ఊర్లకు రానియ్యరు” అన్నది మా ఆవిడ. నేను నవ్వలేదు. అంచున కూర్చునేది ఎవరో నాకు తెలుసు. ఇరవై ఏళ్ళ తర్వాత ఫోటోలోకి రానిచ్చి, ఆ ముఖాన్ని సాగదీసి ఇస్తే ఏమంటుంది?

ఫోటో తీసే ఆదివారానికి రెండు రోజుల ముందు చిన్నమ్మ ఇంటికి పోయాను. ఆమె కొడుకులిద్దరూ దుబాయ్‌లో ఉన్నారు. ఒక్కతే బీడీలు చుడుతూ అరుగు మీద కూర్చుంది. చేట పక్కకు పెట్టలేదు, చేతులు ఆపలేదు.

“సిన్నమ్మా, ఆదివారం ఫోటో. నువ్వు రావాలె” అన్నాను.

“మందిరానికి ఎప్పుడు రాకుంటున్న?”

“గీ పారి ఎవ్వలు తప్పరు. గోడకెల్లి గోడ దాక వస్తది. గందుకే కొత్త లెన్సు తెచ్చిన.”

ఆమె తలెత్తి నన్ను చూసింది. “సూద్దాం” అని మళ్ళీ బీడీలోకి దిగింది. ఆ ఒక్క మాట పట్టుకొని నేను కరీంనగర్ దాకా తిరిగొచ్చాను.

ఆదివారం ఆరాధన అయ్యేసరికి పదకొండు దాటింది. సోమవారం నుంచే కూల్చుడు మొదలు. కప్పు మీది రేకులు అప్పటికే కొన్ని విప్పారు. నేను గుమ్మంలో మూడుకాళ్ళ స్టాండు వేసి, కెమెరాను ఎత్తుకు లేపి, నీటిమట్టం గాజుతో నిటారు చూసుకొని, ముందు పలకను కిందికి వాల్చి, తిత్తి మడతలను వేళ్ళతో సర్దుతూ లెన్సును కిందికి దించాను. గరుకు అద్దానికి నాలుగు మూలలూ చిన్నగా కోసి ఉంటాయి. ఆ సందులోంచి చూస్తే లెన్సు కన్ను కనబడాలి. గుండ్రంగా కనబడితే ఆ మూల వెలుగు పడుతున్నట్టు, అంచు కోసుకుపోయి కనబడితే నల్లబడుతున్నట్టు. నాలుగు మూలలూ చూశాను. మళ్ళీ చూశాను. మూలల్లో చీకటి తగ్గాలని కిటికీల బయట తెల్ల దుప్పట్లు కట్టించాను. వెలుగు వాటి మీద పడి లోపలికి వచ్చింది.

అందరూ తలుపు వైపు తిరిగి కూర్చున్నారు. సిలువ దగ్గర కూర్చునే పెద్దలు ఇప్పుడు అందరికంటే దూరమయ్యారు. సంఘం పెద్ద లేచి వచ్చి నల్లగుడ్డ కింద తల దూర్చాడు. బయటికి వచ్చిన ముఖం చూడాలి.

“గిదేంది, మేము బియ్యపుగింజలంత కనవడుతున్నం! తలుపు కాడోళ్ళు ఏనుగులంత ఉన్నరు!”

“లెన్సు గుణం గంతే. దగ్గరోళ్ళు పెద్దగ, దూరమోళ్ళు చిన్నగ.”

“అయితె మమ్ముల ముందట కూసోవెట్టు.”

“ఎవలి జాగల వాళ్ళు కూసోవాలె. పాత మందిరం ఎట్లుండెనో గట్ల దియ్యిమన్నది మీరే గద” అన్నాను. గొంతు నేననుకున్నదాని కంటే పెద్దగా వచ్చింది. పాస్టరయ్య మధ్యలోకి వచ్చి ఆయన భుజం పట్టుకొని తీసుకుపోయాడు.

చిన్నమ్మ తన చోటే కూర్చుంది, తలుపు పక్క వరసలో గోడను ఆనుకొని. నేను దగ్గరికి పోయి వంగి “సిన్నమ్మా, జర నడుమకు జరుగుతవా? అంచున ముఖం సాగుతది” అన్నాను.

“నా జాగ గిదే” అన్నది.

ఆమె ముఖాన్ని కొంచెం కెమెరా వైపు తిప్పుకొమ్మని మాత్రం చెప్పి వచ్చాను. తిరిగి గుడ్డ కింద దూరితే ఇంకోటి కనబడింది. అదే వరసలో మగవాళ్ళ వైపు చివర, గోడ పక్కన, ఒక మనిషి పట్టేంత ఖాళీ. మామూలు లెన్సుకు ఆ ఖాళీ లెక్కలోకి రాదు. ఈ లెన్సుకు దగ్గరున్నదేదైనా పెద్దదే కనుక ఆ కాస్త ఉత్త చాప, ఫోటో మూలంతా తనే ఆక్రమించింది. వెడల్పు లెన్సు వాడేవాళ్ళు మొదట నేర్చుకునే పాఠమే అది: ముందు భాగం ఖాళీగా వదలొద్దు, ఏదో ఒకటి పెట్టు.

పోయి చూస్తే చాప మీద మడత పెట్టిన దస్తీ ఉంది, చేతిరుమాలు. మా దిక్కు బస్సు సీటు మీద దస్తీ వేస్తే ఆ సీటు ఆ మనిషిది. మందిరంలోనూ అంతే, బయటికి పోయి వచ్చేవాళ్ళు దస్తీ వేసి పోతారు. “గిది ఎవలిది? ఎవలన్న బయటికి పోయిండ్రా?” అని అరిచాను. ఎవరూ పలకలేదు. రెండోసారి అడిగాను. ఆ రెండు వరసల వాళ్ళూ ఒకరినొకరు చూసుకున్నారు గానీ నోరు విప్పలేదు. కిటికీ బయట దుప్పటి మీది వెలుగు తగ్గింది. మబ్బు పడుతోంది.

అప్పుడు మా అవ్వ ఆడవాళ్ళ మధ్య నుంచి లేచి నిలబడింది. “ఎవ్వలు తప్పొద్దని ఊరంత మొత్తుకుంటివి. మరి నువ్వెటు పోతవ్‌ర? నువ్వు సుత అండ్ల ఉండాలె. మీ బాపు ఉంటె గిదే అంటుండె.”

అందరూ అవునవునన్నారు. నా దగ్గర పొడవాటి రబ్బరు గొట్టం, దాని చివర గాలిబుగ్గ ఉన్నాయి. ఎంత దూరాన కూర్చున్నా బుగ్గ నొక్కి పట్టుకున్నంతసేపూ షట్టరు తెరిచి ఉంటుంది. ఖాళీ నిండుతుంది, అవ్వ మాట దక్కుతుంది. దస్తీ తీసి కిటికీలో పెట్టి, గొట్టం చాప కింది నుంచి లాక్కొని, ఆ చోట కూర్చున్నాను. ఎదురుగా ఆ చివర చిన్నమ్మ నన్నే చూస్తోంది. ఆమె నా వంక అంతసేపు చూడటం ఇరవై ఏళ్ళలో అదే మొదలు. మన్నించిందేమో అనుకున్నాను.

ఆ వెలుతురుకు నాలుగు సెకన్లు కదలకుండా ఉండాలి. పాస్టరయ్యతో “జర అందరిని నిమ్మలంగ ఉండుమనుండ్రి” అన్నాను. ఆయనకు మనుషులను కదలకుండా ఉంచడం ఒక్క తీరే తెలుసు. “ప్రార్థన చేసుకుందాం” అన్నాడు. నేను బుగ్గ నొక్కాను. డెబ్భై మందీ రాళ్ళలా కదలకుండా ఉన్నారు, డెబ్భై మందీ కళ్ళు మూసుకొని. లేచి లబోదిబోమన్నాను. జనం పగలబడి నవ్వారు. ఆ నవ్వులు తగ్గేదాకా ఆగి, షీటు మార్చి, మళ్ళీ కూర్చొని ఇంకో రెండు తీశాను. మూడో దానికి మబ్బు పూర్తిగా పట్టింది.

కరీంనగర్ వచ్చి స్టూడియో వెనక చీకటి గదిలో షీట్లు కడిగాను. ఒక్కో షీటూ ఎర్రబల్బు కూడా లేని చీకట్లో, వేళ్ళతో అంచులు పట్టుకొని, మందు తొట్టిలో ఆడిస్తూ లెక్కపెట్టాను. ఫిక్సరులో కాసేపు ఉంచి లైటు వేసి మొదట చూసింది మూలలే. నల్లబడలేదు. రెండో షీటులో గోడ నుంచి గోడ దాకా అందరూ ఉన్నారు. కళ్ళు తెరిచే ఉన్నారు. చిన్నమ్మ ముఖం కాస్త సాగింది గానీ వింతగా లేదు, కొంచెం బొద్దుగా కనబడింది అంతే. పెద్దమనుషులు బియ్యపుగింజలంతే వచ్చారు, కనుబొమ్మలతో సహా. నేను ఆ గదిలోనే స్టూలు మీద కూర్చొని ఏడ్చాను. సంతోషానికే.

ప్రింట్లు వేయించేసరికి రెండు వారాలు పట్టింది. అప్పటికి మందిరం జాగాలో రాళ్ళ కుప్ప ఉంది, దాని మీద నుంచి మేకలు నడుస్తున్నాయి. కొత్త హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. ముందు వచ్చినవాళ్ళు ముందు కూర్చుంటున్నారట. పెద్ద ఫోటో అక్కడ గోడకు దిగ్గొట్టి, చిన్నమ్మ కోసం విడిగా వేసిన ప్రింటు చంకలో పెట్టుకొని ఆమె ఇంటికి పోయాను. నడుస్తుంటే పరీక్ష ఫలితం చూసుకోవడానికి పోతున్నట్టే ఉంది. కానీ పాసయ్యానన్న ధీమా లోపల ఉంది.

ఈసారి చేట పక్కకు పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకొని, అద్దాలు పెట్టుకొని, ఫోటోను ఒళ్ళో పెట్టుకుంది.

“గిది నేను” అన్నది వేలు పెట్టి.

“అవ్ సిన్నమ్మా. మంచిగ వచ్చినవ్.”

వేలు ఆ వరస వెంబడి మెల్లగా జరుగుకుంటూ అవతలి చివరికి వచ్చి ఆగింది, నా మీద.

“గీడ నువ్వు కూసున్నవ్.”

“అవ్వ ఊకోలే సిన్నమ్మా. నన్ను సుత ఉండుమన్నది. గా జాగ ఖాళీ ఉండె, గందుకని...”

“ఖాళీ లేకుండె కొడుకా. దస్తీ ఏసిన గద.”

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె చెప్పింది. అది కాక కూర్చునే చోటు. ఆయన పోయిన దగ్గర్నుంచి ప్రతి ఆదివారం ఆయన దస్తీ మడత పెట్టి అక్కడ వేసి, తర్వాత వచ్చి తన జాగాలో కూర్చుంటుంది. ఆ వరసల వాళ్ళందరికీ తెలుసు. ఎవరూ అక్కడ కూర్చోరు, ఆ సంగతి ఎవరూ మాట్లాడరు. ఏడాదికి రెండుసార్లు వచ్చి పోయే నాకు మాత్రం తెలియదు.

“నేను రెండుసార్లు అడిగితి గద సిన్నమ్మా, ఎవలిది గిది అని. ఎందుకు చెప్పకపోతివి?”

“చెప్తె నువ్వు ఆగుతుంటివి. అప్పటికే మబ్బు వట్టె. తలుపు పక్కోళ్ళతోని ఫోటో ఆగిందని గా పెద్దమనుసులు అంటుండిరి. మల్ల మమ్ముల లేసి బయట నిలవడుమంటవేమోనని భయమైంది.”

నేను తల దించుకున్నాను. మూడు షీట్లు మనసులో తిరగేశాను. మూడింట్లోనూ ఆ చోట నేనే ఉన్నాను. చాప చుట్టేశారు, గోడ పడిపోయింది. నా మీద నాకే అసహ్యం పుట్టింది. ఎవరూ తెగిపోవద్దని నెల రోజులు దారాలతో, అట్టలతో కొలిచినవాణ్ణి, కొలిచి కొలిచి పోయి ఆయన చోట్లోనే కూర్చున్నాను.

“కంప్యూటర్ల నన్ను తుడిచేస్త సిన్నమ్మా. గాడ చాప, దస్తీ, అన్ని ఉన్నట్టే చేసిస్త” అన్నాను.

“గీసిన చాప నాకెందుకు?”

“అయితె గీ అంచు కోసేస్త. నేను లేకుంట కోసి ఇంకోటి ఏసిస్త. రేపే తెస్త.”

ఆమె ఫోటో అంచు మీద, నా మోకాలి కింద కొద్దిగా కనబడుతున్న చాప ముక్కను బొటనవేలితో నెమ్మదిగా నిమిరింది.

“నిన్ను కోస్తె ఆయినె జాగ సుత పోతది” అన్నది. “ఉండనియ్.”